చుక్కతో మొదలయ్యే ఫైళ్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయానికి సంబంధించినవి. లినక్స్, మ్యాక్ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థల్లో కమాండ్ లైన్ మీద పనిచేసేవారు తమ కోసం తాము రాసుకునే సెట్టింగుల ఫైళ్లను, చిన్న స్క్రిప్టులను (ఆదేశాలను వరసగా నడిపే ఫైళ్లను) ఎలా కాపాడుకోవాలన్నదే ఆ విషయం. అందుకే మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, వీటికే స్థలం కేటాయిస్తున్నాను. ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట ఆ మాట విడిగా చెబుతాను.

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు నా డెస్క్‌టాప్ కంప్యూటరు పూర్తిగా మునిగిపోయింది. ఉద్యోగానికి సంబంధించిన ప్రోగ్రాములు ఆఫీసు సర్వర్‌లో ఉండటం వల్ల దక్కాయి. ఎనిమిదేళ్లుగా కూడబెట్టుకున్న బాష్ (మనం కొట్టే ఆదేశాలను నడిపే షెల్) సెట్టింగులు, విమ్ (ఎడిటర్) సెట్టింగులు, చిన్న చిన్న స్క్రిప్టులు మాత్రం మొత్తం పోయాయి. కొత్త కంప్యూటరులో కూర్చుంటే ఇప్పటికీ చెయ్యి తడబడుతోంది. వీటిని మళ్లీ ఎలా సమకూర్చుకోవాలి? ఇంకోసారి పోకుండా ఏం చేయాలి?

జవాబు: మీ నష్టం చిన్నది కాదు. కంప్యూటరు డబ్బు పెడితే వస్తుంది గానీ, ఎనిమిదేళ్లలో చేతికి అలవాటైన పద్ధతి అంగట్లో దొరకదు. బ్యాకప్ తీసుకునే అలవాటు ఉన్నవారు కూడా తరచు ఈ ఫైళ్లను పోగొట్టుకుంటారు. దానికి కారణం వాటి పేర్లలోనే ఉంది.

బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపుదిద్దుకుంటున్న తొలినాళ్లలో ప్రతి డైరెక్టరీ (ఫోల్డరు)లోనూ రెండు పేర్లు చేరాయి: ఆ డైరెక్టరీనే సూచించే ఒక చుక్క, దాని పై డైరెక్టరీని సూచించే రెండు చుక్కలు. జాబితా చూపే ఎల్ఎస్ ఆదేశంలో ఆ రెండూ పదే పదే కనబడకుండా, పేరులోని మొదటి అక్షరం చుక్క అయితే దాన్ని వదిలేయమని రాశారు. రెండు పేర్ల కోసం రాసిన ఆ షరతు చుక్కతో మొదలయ్యే ప్రతి పేరుకూ వర్తించింది. ప్రోగ్రాములు రాసేవారు అది గమనించి తమ సెట్టింగులను చుక్క పేర్లతో దాచడం మొదలుపెట్టారు. ఇది ఎవరూ ఆలోచించి చేసిన ఏర్పాటు కాదని, పొరపాటు కాస్తా ఆనవాయితీగా మారిందని ఆ ల్యాబ్స్‌లోనే పనిచేసిన రాబ్ పైక్ తరువాతి కాలంలో వివరించారు. ఆ పొరపాటు ఫలితం ఈనాటికీ మనకు తగులుతోంది. మన సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలో ఉండి, కాపీ చేసే సిపి ఆదేశానికి స్టార్ గుర్తు ఇచ్చి అన్నింటినీ పెన్‌డ్రైవ్‌లోకి పంపామనుకుంటాం. కానీ బాష్‌లో ఆ స్టార్ గుర్తు చుక్క పేర్లను మామూలుగా పట్టుకోదు. ఫొటోలు, పత్రాలు వెళతాయి. బాష్, విమ్ సెట్టింగులుండే .బాష్‌ఆర్‌సి, .విమ్‌ఆర్‌సి వెనకే ఉండిపోతాయి.

అందువల్ల ముందుగా ఎల్ఎస్ పక్కన చిన్న గీత, పెద్ద అక్షరం 'ఎ' పెట్టి, మీ కొత్త కంప్యూటరులోని హోమ్ డైరెక్టరీని ఒకసారి తీరిగ్గా చూడండి. అక్కడ కనబడేవన్నీ దాచుకోవలసినవి కావు. మీరు చేత్తో రాసినవి, అంటే .బాష్‌ఆర్‌సి, .విమ్‌ఆర్‌సి, .టిమక్స్.కాన్ఫ్, .గిట్‌కాన్ఫిగ్, బిన్ డైరెక్టరీలోని స్క్రిప్టులు, ఇవి మాత్రమే మీ ఆస్తి. .క్యాష్ వంటివి ప్రోగ్రాములు తమ అవసరానికి తయారు చేసుకునేవి. పోయినా వాటంతట అవే తిరిగి పుడతాయి. .ఎస్ఎస్‌హెచ్ లోని ప్రైవేట్ కీ (దూరపు సర్వర్లలోకి వెళ్లే తాళంచెవి), పాస్‌వర్డులు ఉండే .నెట్‌ఆర్‌సి మూడో రకం. వాటిని దాచాలి గానీ వీటితో కలిపి దాచకూడదు. చిక్కంతా .కాన్ఫిగ్ డైరెక్టరీతోనే వస్తుంది. సెట్టింగులన్నీ హోమ్ డైరెక్టరీలో చెల్లాచెదురుగా పడకుండా ఒకే చోట ఉండాలన్న మంచి ఉద్దేశంతో వచ్చిన పద్ధతి అది. అయితే మీరు రాసిన ఫైళ్లూ, ప్రోగ్రాములు రాసుకున్న ఫైళ్లూ అందులో కలిసిపోయి ఉంటాయి. దాన్ని మొత్తంగా ఎత్తి దాచడం కంటే, మీకు తెలిసిన ఫైళ్లను ఏరి తీసుకోవడమే మంచిది.

ఏరిన ఫైళ్లను డాట్‌ఫైల్స్ అనే ఒక డైరెక్టరీలోకి తరలించి, దాన్ని గిట్ రిపాజిటరీగా, అంటే మార్పుల చరిత్రతో సహా ఫైళ్లను దాచే చోటుగా, చేయండి. తరలించిన ప్రతి ఫైలుకూ పాత చోట ఒక సింబాలిక్ లింకు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు) ఉండాలి. ఎల్ఎన్ ఆదేశంతో చేత్తో పెట్టుకోవచ్చు. ఫైళ్లు పెరిగితే గ్నూ స్టో అనే చిన్న ఉపకరణం ఆ పని చేస్తుంది. ఉదాహరణకు హోమ్ డైరెక్టరీలో డాట్‌ఫైల్స్, దానిలో విమ్ అనే డైరెక్టరీ, అందులో .విమ్‌ఆర్‌సి ఉన్నాయనుకోండి. డాట్‌ఫైల్స్‌లోకి వెళ్లి 'స్టో విమ్' అని కొడితే, దానికి ఒక మెట్టు పైన ఉన్న హోమ్ డైరెక్టరీలో .విమ్‌ఆర్‌సి పేరుతో లింకు తయారవుతుంది. అక్కడ ముందే ఆ పేరుతో అసలు ఫైలు ఉంటే స్టో దాన్ని తుడిచివేయకుండా ఆగి, అడ్డం ఉందని చెబుతుంది. ఆ జాగ్రత్త వల్లనే కొత్తవారికి నేను దీన్ని సూచిస్తాను. లింకులు లేకుండా హోమ్ డైరెక్టరీనే గిట్ కిందకు తెచ్చే పద్ధతులు కూడా ఉన్నాయి. కానీ ఎల్ఎస్ చూపే జాబితాలో బాణం గుర్తు పక్కన అసలు ఫైలు ఎక్కడుందో కంటికి కనబడటం ఆరు నెలల తరువాత ఎంతో ఉపయోగపడుతుంది.

రిపాజిటరీ ఆ కంప్యూటరులోనే ఉంటే మళ్లీ అదే కథ అవుతుంది. అదే బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో ఉన్నా అంతే. ఆన్‌లైన్‌లో మీకు మాత్రమే కనబడే ఒక రిపాజిటరీకి పుష్ చేయండి (పంపండి); వీలైతే వేరే ఊరిలోని బంధువుల ఇంట్లో ఒక ప్రతిని ఉంచండి.

ఇక పోయినవాటి సంగతి. జ్ఞాపకం మీద ఎనిమిదేళ్ల ఫైలునంతా ఒకే ఆదివారం తిరిగి రాయాలని కూర్చోవద్దని నా సలహా. చెయ్యి ఏ సంక్షిప్త ఆదేశం కోసం వెతుకుతుందో, ఆ రోజు దాన్ని ఒక్కదాన్నే రాసి, ఎందుకు రాశారో పైన ఒక కామెంట్ పెట్టి కమిట్ చేయండి (గిట్‌లో నమోదు చేయండి). నా ఫైలులో, ఫైళ్లను తెర మీద చూపే లెస్ ఆదేశం కోసం, లెస్‌క్యార్‌సెట్ అనే, పెద్ద అక్షరాలతో రాయవలసిన వేరియబుల్‌కు యుటిఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) అని విలువ ఇచ్చే లైను ఒకటి చాలాకాలం ఉండేది. దాని పైన ఇలా రాసుకున్నాను: "పాత సర్వర్‌లో లోకేల్ (భాషా సెట్టింగు) సరిగా లేదు, లెస్‌లో తెలుగు ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు కోణపు బ్రాకెట్లలో అంకెలు వస్తున్నాయి." ఆ సర్వర్‌ను తీసివేసిన రోజున కామెంట్ చదివి, లైనును నిశ్చింతగా తొలగించాను. కామెంట్ లేకపోతే భయపడి అలాగే ఉంచేవాడిని. మీ పాత ఫైలులోనూ అలా భయంతో మిగిలిపోయిన లైన్లు చాలా ఉండి ఉంటాయి. వాటిని తిరిగి తెచ్చుకోవలసిన అవసరం లేదు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్నాను సార్. సీనియర్ ఒకరు ఇచ్చిన 600 లైన్ల .బాష్‌ఆర్‌సి ఫైలును నా లాప్‌టాప్‌లోని ఉబుంటులో ఉన్నదున్నట్టుగా పెట్టుకున్నాను. చూడటానికి ఎంతో బాగుంది గానీ టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లు ఆగుతోంది. అదే ఫైలును కాలేజీ సర్వర్‌లో పెట్టిన తరువాత ఎస్‌సిపితో ఫైళ్లు పంపడం ఆగిపోయింది. లోపం ఎక్కడుంది? మళ్లీ మొదటి స్థితికి ఎలా వెళ్లాలి?

జవాబు: ఎస్‌సిపి సంగతి ముందు చెబుతాను. ఆ ఫైలులో ఎక్కడో 'స్వాగతం' అనో, ఈనాటి తేదీ అనో తెర మీద అచ్చువేసే ఎకో లైను ఉండి ఉంటుంది. మీరు దూరం నుంచి ఫైలు పంపినప్పుడు కూడా సర్వర్‌లో మీ పేరు మీద ఒక షెల్ నడుస్తుంది. తనను ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నడుపుతోందని గ్రహించిన బాష్, మనిషి ఎదురుగా లేకపోయినా .బాష్‌ఆర్‌సిని చదువుతుంది. రెండు కంప్యూటర్లు తమ లెక్క ప్రకారం మాట్లాడుకుంటున్న దారిలోకి ఆ స్వాగత వాక్యం వచ్చి పడుతుంది. అవతలి కంప్యూటరు దాన్ని ఫైలు సమాచారంగా భావించి, అర్థం కాక ఆగిపోతుంది. ఉబుంటుతో వచ్చే అసలు .బాష్‌ఆర్‌సి మొదట్లోనే దీనికి కాపలా ఉంది. డాలర్ గుర్తు పక్కన చిన్న గీత ఉండే వేరియబుల్‌లో, మనిషి ఎదురుగా ఉన్నాడని తెలిపే 'ఐ' అక్షరం ఉందా అని చూసి, లేకపోతే రిటర్న్ అనే మాటతో అక్కడే వెనుదిరుగుతుంది. మీ సీనియర్ ఫైలులో ఆ నాలుగైదు లైన్లు ఉండి ఉండవు. వాటిని ఫైలు పైన చేర్చండి, ఎస్‌సిపి పనిచేస్తుంది.

నిదానానికి కారణం పట్టుకోవడానికి అదే రిటర్న్ సాయపడుతుంది. ఫైలు సరిగ్గా సగంలో, షరతులకూ ఫంక్షన్లకూ బయట, ఒక్క రిటర్న్ రాసి కొత్త టెర్మినల్ తెరవండి. చటుక్కున తెరుచుకుంటే లోపం కింది సగంలో ఉంది. అప్పటికీ ఆగుతుంటే పై సగంలో ఉంది. లోపం ఉన్న సగాన్ని మళ్లీ సగం చేయండి. 600 లైన్లయినా పది ప్రయత్నాల లోపే ఒక్క లైను దగ్గరకు చేరుకుంటారు. ప్రోగ్రామింగ్ భాషల వెర్షన్లను మార్చే ఉపకరణాలను ముందుగానే లోడ్ చేసే లైన్లు, ఇంటర్నెట్‌ను సంప్రదించే లైన్లు సాధారణంగా దోషులుగా తేలుతాయి. ప్రతి ఎంటర్‌కూ ఆలస్యమవుతుంటే మాత్రం ప్రాంప్ట్‌ను (ఆదేశం కొట్టే చోటుకు ముందు కనబడే వాక్యాన్ని) అనుమానించాలి. కొన్ని అలంకారపు ప్రాంప్టులు ప్రతిసారీ గిట్ స్టేటస్‌ను నడుపుతాయి.

ఇంకొక వల కూడా ఉంది. లాగిన్ షెల్‌గా మొదలైనప్పుడు బాష్ .బాష్_ప్రొఫైల్, .బాష్_లాగిన్, .ప్రొఫైల్ అనే మూడు పేర్ల కోసం ఆ వరసలోనే వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్ని మాత్రమే చదువుతుంది. ఉబుంటులో .బాష్‌ఆర్‌సిని పిలిచేది .ప్రొఫైల్. ఎవరి సలహా మీదో మీరు .బాష్_ప్రొఫైల్ ఒకటి సృష్టిస్తే, .ప్రొఫైల్‌ను ఇక ఎవరూ చదవరు; సర్వర్‌లోకి లాగిన్ అయినప్పుడు మీ అలియాసులు (సంక్షిప్త ఆదేశాలు) ఒక్కటీ కనబడవు. మ్యాక్ వాడే మీ స్నేహితులకు ఈ వివరాలు సరిపోవు. 2019లో వచ్చిన మ్యాక్ వెర్షన్ కాటలీనా నుంచి అక్కడ కొత్త ఖాతాలకు డిఫాల్ట్ షెల్ జడ్‌ఎస్‌హెచ్, దాని ఫైలు .జడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సి.

మొదటి స్థితికి వెళ్లడం తేలిక. ఇప్పటి ఫైలుకు వేరే పేరు పెట్టి, ఈటీసీ డైరెక్టరీలోని స్కెల్ నుంచి .బాష్‌ఆర్‌సిని కాపీ చేసుకోండి. కొత్త ఖాతాలు తెరిచేటప్పుడు వ్యవస్థ వాడే అసలు ప్రతి అక్కడే ఉంటుంది. ఈ మార్పులు చేస్తున్నంతసేపూ, ముఖ్యంగా కాలేజీ సర్వర్‌లో, ఒక పాత టెర్మినల్‌ను మూయకుండా ఉంచి, మార్పును వేరే టెర్మినల్‌లో పరీక్షించండి. .బాష్‌ఆర్‌సిలో పొరపాటున ఎగ్జిట్ అనే మాట పడితే కొత్తగా లోపలికి రాలేరు. అప్పుడు దిద్దుకోవడానికి ఆ పాత కిటికీ ఒక్కటే ఆధారం.

తరువాత సీనియర్ ఫైలును పక్కన పెట్టుకుని చదవండి. ఒక లైను ఏం చేస్తుందో మీ రూమ్‌మేట్‌కు నోటితో వివరించగలిగిన రోజున దాన్ని మీ ఫైలులోకి తెచ్చుకోండి. ఒక్క అలియాస్ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఫైళ్లను తుడిచే ఆర్ఎమ్ ఆదేశాన్ని కొడితే ప్రతి ఫైలుకూ అనుమతి అడిగేలా మార్చే అలియాస్ చాలామంది ఫైళ్లలో కనబడుతుంది. మీ లాప్‌టాప్‌లో 'అడుగుతుందిలే' అనే ధీమా చేతికి పడుతుంది. ఆ అలియాస్ లేని సర్వర్‌లో అదే చెయ్యి అడగని ఆర్ఎమ్‌ను కొడుతుంది. అడిగే ఆర్ఎమ్ కావాలనుకుంటే దానికి వేరే పేరు పెట్టుకోండి.

ప్రశ్న: అయ్యా, నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తాను. రోజూ వచ్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) తేజ, 334, 341 అని రకాలవారీగా కూడి ఒక ఫైలు తయారుచేసే స్క్రిప్టును మా అబ్బాయి సాయంతో రాసుకున్నాను. చేత్తో నడిపితే చక్కగా పనిచేస్తుంది. రోజూ సాయంత్రం 7 గంటలకు దానంతట అదే నడవాలని క్రాన్‌లో పెడితే ఏ ఫైలూ రావడం లేదు, ఏ తప్పూ చూపడం లేదు. స్క్రిప్టు పాడయిందా?

జవాబు: మీ స్క్రిప్టు పాడవలేదు. మీరు చేత్తో నడిపేటప్పుడు మీ .బాష్‌ఆర్‌సి మీకు తెలియకుండానే ఎన్నో సదుపాయాలు అమర్చి పెడుతోంది. క్రాన్ ఆ ఫైలును చదవదు. సీజనులో బయటి ఊరి నుంచి వచ్చిన కొత్త ముఠా మనిషికి కాటా ఎక్కడుందో, గోదాము ఏ వైపో చెప్పకుండా పని అప్పగించినట్టుగా ఉంటుంది స్క్రిప్టు పరిస్థితి.

ఆదేశాలను వెతకవలసిన డైరెక్టరీల జాబితాను పాత్ అనే వేరియబుల్‌లో, పెద్ద అక్షరాలతో రాస్తారు. డెబియన్, ఉబుంటులలో క్రాన్ మామూలుగా ఇచ్చే పాత్‌లో రెండే చోట్లు ఉంటాయి: యుఎస్‌ఆర్ లోని బిన్, బిన్. మీ హోమ్ డైరెక్టరీలోని బిన్‌లో మీ అబ్బాయి పెట్టిన సహాయక స్క్రిప్టు అందుకే దొరకదు. క్రాన్ పనిని మీ హోమ్ డైరెక్టరీలో నిలబడి మొదలుపెడుతుంది. మీరు లెక్కల డైరెక్టరీలో ఉండి నడుపుతారు. స్క్రిప్టులో ఫైలు పేరు మాత్రమే ఉండి పూర్తి దారి లేకపోతే, ఆ ఫైలు లేదనే అనుకుంటుంది. కనుక స్క్రిప్టు మొదట్లోనే పాత్‌ను పూర్తిగా రాసి, ఆ తరువాత సిడి ఆదేశంతో లెక్కల డైరెక్టరీలోకి వెళ్లమని చెప్పండి.

మీ ఫైలు పేరులో ఆ రోజు తేదీ ఉంటుందని ఉత్తరంలోని నమూనాను బట్టి తెలుస్తోంది. ఆ తేదీ కోసం డేట్ ఆదేశాన్ని క్రాన్ పట్టికలోని లైనులోనే రాశారు. అసలు దెబ్బ అక్కడే తగిలిందని నా అంచనా. క్రాన్ పట్టికలో శాతం గుర్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. దాన్ని లైను ముగింపుగా తీసుకుని, మిగిలిన భాగాన్ని ఆదేశం నుంచి విడదీస్తుంది. డేట్ ఆదేశంలో రోజు, నెల, సంవత్సరం మూడింటి ముందూ శాతం గుర్తులే. ప్రతి శాతం గుర్తు ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి, లేదా ఆ లైనును స్క్రిప్టు లోపలికి తరలించాలి. రెండవదే మేలు. క్రాన్ పట్టికలో కాలం, స్క్రిప్టు పూర్తి దారి, ఫలితాన్ని రాసుకునే లాగ్ ఫైలు తప్ప మరేమీ ఉండకూడదు. కాలం రాసేటప్పుడు నిమిషం ముందు, గంట తరువాత: సున్నా, 19, ఆపైన మూడు స్టార్ గుర్తులు.

తప్పు చూపకపోవడానికి కూడా కారణం ఉంది. క్రాన్ తన మాటలను మెయిల్‌గా పంపుతుంది. మీ కంప్యూటరులో మెయిల్ పంపే ఏర్పాటు లేకపోతే వాటిని పారేస్తుంది. అందుకే లైను చివర రెండు 'పెద్దది' గుర్తులు, లాగ్ ఫైలు పేరు పెట్టి, ఒక ఖాళీ వదిలి, ఆపైన 2, ఒక 'పెద్దది' గుర్తు, ఆంపర్‌శాండ్, 1 అనే నాలుగింటినీ మధ్యలో ఖాళీ లేకుండా వరసగా పెట్టండి. మామూలు మాటలూ తప్పులూ రెండూ ఆ ఫైలులో చేరతాయి.

మీ అబ్బాయికి ఒక మాట. స్క్రిప్టు చివర పాత ఫైళ్లను తుడిచే ఆర్ఎమ్ లైను చూశాను. డైరెక్టరీ పేరు ఉండవలసిన వేరియబుల్ ఏ కారణం చేతనైనా ఖాళీగా ఉంటే, దాని పక్కన ఉన్న ఏటవాలు గీత ఒక్కటే మిగిలి, తుడుపు వ్యవస్థ మూలం నుంచి మొదలవుతుంది. వేరియబుల్ పేరును ఫ్లవర్ బ్రాకెట్లలో ఉంచి, లోపల పేరు తరువాత కోలన్, ప్రశ్నార్థకం పెడితే, ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. వేరియబుల్ వాడిన ప్రతి చోటా దాన్ని జంట కోట్స్‌లో పెట్టాలి. లేకపోతే 'తేజ రకం' అనే ఫైలు పేరులోని ఖాళీ దగ్గర షెల్ దాన్ని రెండు ఫైళ్లుగా చూస్తుంది. ఇటువంటి లోపాలను షెల్‌చెక్ అనే ఉచిత ఉపకరణం లైను సంఖ్యతో సహా చూపుతుంది. డబ్బు లెక్కలు చూసే స్క్రిప్టును దానికి చూపకుండా వాడవద్దు.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. నా డాట్‌ఫైల్స్ రిపాజిటరీని అందరికీ కనబడేలా గిట్‌హబ్‌లో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు, ఇతరులకు మేలు కూడా చేస్తుంది. రహస్యాలు అందులోకి ఎన్నడూ వెళ్లి ఉండకూడదన్నది ఒక్కటే షరతు. 'ఎన్నడూ' అనడానికి నా అనుభవమే కారణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న స్క్రిప్టును కమిట్ చేసి, మర్నాడు గుర్తొచ్చి తొలగించి మళ్లీ కమిట్ చేశాను. వారం తరువాత సహోద్యోగి ఒకరు గిట్ లాగ్‌లో పాత మార్పులు చదువుతూ ఆ పాస్‌వర్డును నాకే చదివి వినిపించారు. గిట్ చరిత్రను దాచి ఉంచుతుంది; తరువాతి కమిట్‌లో తీసివేయడం వల్ల అది పోదు. అలా జరిగితే ముందు పాస్‌వర్డ్ మార్చాలి, చరిత్రను శుభ్రం చేయడం ఆ తరువాతి పని.

ఆ కంప్యూటరుకు మాత్రమే చెందిన లైన్లను, రహస్యాలను .బాష్‌ఆర్‌సి.లోకల్ వంటి వేరే ఫైలులో ఉంచి, అది ఉంటే చదవమని .బాష్‌ఆర్‌సి చివర ఒక లైను రాయండి. ఆ ఫైలును గిట్‌లో చేర్చవద్దు. ఆఫీసు సర్వర్ల పేర్లు ఉండే ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్, మీరు కొట్టిన ప్రతి ఆదేశమూ ఉండే .బాష్_హిస్టరీ కూడా బయటకు వెళ్లకూడదు. గిట్ ఒక ఫైలును నడపవచ్చా లేదా అన్న అనుమతిని మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఇతరులు చదవకుండా మీరు పెట్టిన 600 అనుమతి కొత్త కంప్యూటరులో తిరిగి రాదు, అనుమతులు మార్చే సిహెచ్‌మోడ్‌తో మళ్లీ పెట్టుకోవాలి.

ప్రశ్న: నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. స్క్రిప్టులలో కామెంట్లను తెలుగులో రాసుకుంటున్నాను. టెర్మినల్‌లో గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనబడుతున్నాయి. దీనివల్ల ఫైలు పాడవుతుందా?

జవాబు: పాడవదు మాస్టారూ. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విభజించి, గడికి ఒక అక్షరం చొప్పున పేర్చే పద్ధతి ఇంగ్లిషు కోసం ఏర్పడినది. కిందకూ పక్కకూ అల్లుకునే మన ఒత్తులు ఆ గళ్లలో ఇమడవు. లోపం చూపడంలోనే ఉంది, ఫైలులో లేదు. 'విజయవాడ' అనే మాటను మనం అయిదు అక్షరాలుగా చదువుతాం. యూనికోడ్‌లో గుడి, దీర్ఘం విడివిడిగా లెక్కకు వచ్చి ఏడవుతాయి. యుటిఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు. అదే ఫైలును గ్రాఫిక్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే ఒత్తులు తమ చోటనే ఉంటాయి.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. వేరియబుల్ పేర్లకు ఇంగ్లిషు అక్షరాలనే వాడాలి. విండోస్ కంప్యూటరులో నోట్‌ప్యాడ్‌తో దిద్దితే, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ గడిలో బామ్ లేని యుటిఎఫ్-8ను ఎంచుకోండి. బామ్ అంటే ఫైలు మొదట్లో కంటికి కనబడకుండా చేరే మూడు బైట్లు. స్క్రిప్టు మొదటి లైను హ్యాష్, ఆశ్చర్యార్థకాలతోనే ప్రారంభం కావాలి. వాటి ముందు ఆ మూడు బైట్లు ఉంటే ఏ షెల్‌తో నడపాలో వ్యవస్థ గుర్తించలేదు.